ఆవకమోల్లి ఆవకాయ కాదు, కానీ పచ్చడే

ప్రశ్న: మాది రాజమండ్రి. ఆర్నెల్లుగా టెక్సస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. ఇక్కడికొచ్చాక నాకు బాగా నచ్చిన తిండి ఏదైనా ఉందంటే అవకాడోతో చేసే గ్వాకమోలె. నేను దాన్ని 'అవకాడో పచ్చడి' అంటాను. తొమ్మిదేళ్ల మా మనవరాలు 'అమ్మమ్మా, అది పచ్చడి కాదు' అని పడీపడీ నవ్వుతుంది. మొన్న శనివారం మెక్సికన్ హోటల్‌కి వెళ్తే మా అల్లుడు ఫోన్‌లో ఏదో చదివి మా అమ్మాయి చెవిలో చెప్పాడు, ఇద్దరూ ఒకటే నవ్వు. గుచ్చి గుచ్చి అడిగితే, ఆ పేరుకి మగవాళ్ల వృషణాల పులుసు అని అర్థమట. శనివారం నేను నీచు ముట్టను. ఆ మాట విన్నాక చెంచా కింద పెట్టేశాను. మా వారు కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యారు, ఆయనది ఇంకో వాదన. 'అవొగాడ్రో, మోల్. అవకాడో, మోలె. ఇంకా అర్థం కాలేదా?' అంటారు. ఆయన ఎప్పుడు జోకేస్తారో ఎప్పుడు నిజం చెప్తారో నలభై ఏళ్లుగా నాకు తెలిసి చావదు. అసలు ఆ పేరుకి అర్థమేమిటి? పచ్చడి అనడం నా తప్పా? ఇంకో సంగతి, దానికి ఇంగువ పోపు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, ముందు కింద పెట్టిన ఆ చెంచా తీసుకోండి. మీ ఇంట్లో దీని గురించి మాట్లాడినవాళ్లందరిలో సరైన అర్థం చెప్పింది మీరొక్కరే. గ్వాకమోలె అంటే అక్షరాలా అవకాడో పచ్చడి. పెద్దావిడ కదా అని సర్దిచెప్పడం లేదు, ఆ మాటని పుట్టించినవాళ్లు రెండు ముక్కలు అతికించి పెట్టుకున్న పేరే అది. మనం దోసకాయ పచ్చడి, బీరకాయ పచ్చడి అంటామే, ముందు కాయ పేరు, వెనక పచ్చడి, వాళ్లూ అదే వరసలో అన్నారు.

వాళ్లంటే స్పానిష్ వాళ్లనుకునేరు. ఇప్పుడు మెక్సికో సిటీ ఉన్న చోట ఒకప్పుడు సరస్సు మధ్యలో తెనోచ్తిత్లాన్ అనే నగరం ఉండేది, 1521లో స్పెయిన్ సైన్యం చేతిలో పడిపోయింది. స్కూల్లో ఆజ్టెక్‌లు అని చదువుకున్నామే, ఆ జనం ఊరది. వాళ్ల భాష నావాట్ల్. ఇది చచ్చిపోయిన భాషేం కాదు, ఇవాళ్టికీ మెక్సికోలో 15 లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారు. అందులో అవకాడో కాయ 'ఆవకత్ల్'. కాయో ఆకో గింజో నూరి, మిరపకాయ తగిలించి, పక్కన పెట్టుకుని తినేదీ, పులుసులా కాచుకునేదీ అన్నీ కలిపి 'మోల్లి'. రెండూ కలిస్తే ఆవకమోల్లి.

ఆవక అనగానే మీకు నోట్లో నీళ్లూరి ఉంటాయి, నాకూ మొదటిసారి చదివినప్పుడు అంతే. కానీ ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. మన ఆవకాయలో ఉన్నది ఆవపిండి, ఆవ ప్లస్ కాయ. వాళ్ల ఆవకలో ఆవాలూ లేవు, కాయ అనే మాటా లేదు, ఉన్నది ఒక్క అవకాడోయే. శబ్దం కలిసిందంతే. నావాట్ల్ చుట్టాలన్నీ అమెరికా ఖండంలోనే ఉన్నాయి, అరిజోనాలో హోపీ తెగవాళ్లు మాట్లాడే భాష దానికి దాయాది. కాబట్టి మన గోదావరి జిల్లాల నుంచి పడవేసుకుని మెక్సికో వెళ్లి ఆవకాయ నేర్పి వచ్చారని మీకు ఎవరైనా వాట్సాప్‌లో పంపితే దయచేసి నాకు ఫార్వర్డ్ చెయ్యకండి.

మరి ఆవకమోల్లి గ్వాకమోలె ఎలా అయింది? నావాట్ల్‌లో నామవాచకాల చివర ఒక తోక ఉంటుంది, త్ల్ అనో త్లి అనో లి అనో. మన పుస్తకము, బెల్లము చివర 'ము' లాంటిదనుకోండి. రెండు మాటలు కలిపేటప్పుడు మొదటి దాని తోక రాలిపోతుంది, అందుకే ఆవకత్ల్‌లో త్ల్ పోయి ఆవక మిగిలింది. ఇక స్పానిష్ వాళ్ల నోటికి మాట చివర త్ల్ తిరగదు, వాళ్లు దాన్ని 'తె' చేసుకున్నారు. తొమత్ల్ తొమాతె అయింది, ఆవకత్ల్ అగ్వకాతె అయింది. 'వ' శబ్దం వాళ్లకి 'గ్వ'గా పలికింది. మోల్లి మోలె అయింది, మొదట్లో ఉన్న అ ఎక్కడో జారిపోయింది. మీ టెక్సస్‌లో తెల్లవాళ్లు గ్వాకమోలి అంటారు, చివర్న లి. మెక్సికో వాళ్లు లె అంటారు. మీరు మొదటి నుంచీ లె అనే రాశారు, మీ చెవి మంచిది. నన్నడిగితే ఆ అసలు మాటని స్పానిష్ లిపి కన్నా మన తెలుగు లిపే చక్కగా పట్టుకుంటుంది, ఆవకమోల్లి అని రాస్తే రాసింది రాసినట్టు చదివేసుకోవచ్చు.

పచ్చడి అని ఇంత ధైర్యంగా ఎందుకంటున్నానో చెప్తాను. 1529లో బెర్నార్దినో దె సాహగున్ అనే పాదిరీ స్పెయిన్ నుంచి మెక్సికో వెళ్లాడు. మతం మార్చడానికే వెళ్లాడు, కానీ మనిషికి కుతూహలం ఎక్కువ. నావాట్ల్ నేర్చుకుని, చదువుకున్న అక్కడి కుర్రాళ్లనీ పెద్దవాళ్లనీ కూర్చోబెట్టి, వాళ్ల దేవుళ్ల దగ్గర్నుంచి బజారు దాకా అన్నీ రాయించాడు. మొత్తం 12 పుస్తకాలు, ఒక పక్క నావాట్ల్, ఒక పక్క స్పానిష్. ఇప్పుడు అది ఇటలీలో ఫ్లోరెన్స్ నగరంలో ఉంది కాబట్టి ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటారు. అందులో పదో పుస్తకంలో బజారులో ఎవరెవరు ఏమేం అమ్ముతారో ఒక్కొక్కళ్ల గురించీ చెప్తూ వండిన తిండి అమ్మేవాడి దగ్గరికి వచ్చేసరికి వాడి దగ్గరున్న మోల్లిల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా వరస పెట్టి చెప్తారు. పండుమిరపకాయది, పసుపు మిరపకాయది, పొగబెట్టిన మిరపకాయది, గుమ్మడి గింజలు వేసింది, బీన్స్ గింజలది, పుట్టగొడుగులది, లేత గుమ్మడిది, పెద్ద టమాటాలది, మామూలు టమాటాలది, రకరకాల పుల్లాకులది, చివర్న అవకాడోది.

పుల్లాకులది! అక్కడికొచ్చేసరికి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాను. నాలుగున్నర శతాబ్దాల కిందట మెక్సికోలో ఒకడు బజార్లో కూర్చుని గోంగూర పచ్చడి లాంటిది అమ్ముతున్నాడన్నమాట (గోంగూర అక్కడ లేదు, పులుపు మాత్రం ఉంది). ఇంగ్లీషులో ఈ జాబితా చదివితే సాస్, సాస్, సాస్ అని విసుగొస్తుంది, తెలుగులోకి తెచ్చుకుని చదివితే ఏ మెస్సులోనో గోడ మీద రాసిన ఈరోజు పచ్చళ్ల బోర్డులా ఉంటుంది. సాస్ అంటే సీసాలోంచి పళ్లెంలోకి కారేది, ఇవి అలాంటివి కావు. ఇన్ని రకాల కాయల్నీ ఆకుల్నీ గింజల్నీ మిరపకాయతో నూరి ఒకే ఇంటిపేరు కింద పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్ల భాషలో దానికి తగిన మాట ఉంటుంది, మనకి ఉంది. మీ మనవరాలికి ఉన్నది ఇంగ్లీషు ఒకటే కాబట్టి అది 'డిప్' అంటుంది, అందులో దాని తప్పు లేదు.

అన్నట్టు అదే జాబితాలో పిట్టరెట్ట మోల్లి అని కూడా ఒకటి ఉంది. నిజంగా రెట్ట వేసి చేసేవాళ్లని కాదు, పేరు అలా పెట్టుకున్నారు. పేరు చూసి చెంచా కింద పెట్టాల్సి వస్తే దాన్ని చూసి పెట్టాలి.

ఇప్పుడు మీ అల్లుడు గారి ఫోన్ సంగతి. ఆయన అబద్ధం చదవలేదు, తలకిందులైన నిజం చదివారు. 1571లో అలోన్సో దె మొలీనా అనే ఇంకో పాదిరీ నావాట్ల్, స్పానిష్ నిఘంటువు అచ్చేయించాడు. అందులో ఆవకత్ల్ దగ్గర రెండు అర్థాలు ఇచ్చాడు. మొదటిది, అందరికీ తెలిసిన పండు. రెండోది, వృషణం. ఇంటర్నెట్‌కి ఆ రెండోదే రుచించింది. దాన్ని పట్టుకుని, అవకాడోకి అసలు అర్థమే అది, చెట్టుకి రెండేసి వేలాడుతుంటే చూసి ఆ పేరు పెట్టారు, కాబట్టి గ్వాకమోలె అంటే ఫలానా పులుసు అని ఊరంతా తిప్పేసింది. జరిగింది తిరగేసి. ముందు ఉన్నది పండు. పండు పోలికని బట్టి ఆ అవయవానికి ముద్దుగా, చాటుగా, పండు పేరు వాడారు. ఏ భాషలో లేదు చెప్పండి ఇది? ఇంగ్లీషు వాళ్లు వాటినే నట్స్ అంటారు, అలాగని డబ్బాలో జీడిపప్పు చూసి మొహం తిప్పుకుంటారా? మనమైతే తలకి తలకాయ అన్నాం, గుండెకి గుండెకాయ అన్నాం, మెడకి మెడకాయ అన్నాం, చివరికి మీ అల్లుడు గారు నవ్విన ఆ అవయవానికి పల్లెల్లో వాడే మాట చివర కూడా కాయే ఉంటుంది. ఈ లెక్కన ఐదొందల ఏళ్ల తర్వాత ఎవరో ఫోన్‌లో 'తెలుగులో కాయ అంటే శరీర భాగం, కాబట్టి వంకాయ కూర అంటే...' అని రాస్తారు. రాయనివ్వండి. శనివారం వంకాయ కూర తింటారు కదా, ఇదీ తినండి.

మీ వారి వాదనకి వద్దాం, నాకు అసలు సరదా అంతా ఇక్కడే. కెమిస్ట్రీలో అణువుల్లాంటి వాటిని లెక్కపెట్టే కొలమానం మోల్‌కీ దీనికీ సంబంధం లేదు, అది ఖాయం. ఆ మోల్‌ని 1890ల్లో విల్హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త మాలిక్యూల్ అన్న మాటని కత్తిరించి తయారు చేశాడు, దాని వేరు లాటిన్‌లో ముద్ద, రాశి అనే అర్థమున్న మాట. నావాట్ల్ మోల్లి దానికి ఏమీ కాదు. ఈ విషయం నలభై ఏళ్లు పాఠం చెప్పినాయనకి తెలియకపోదు, కాబట్టి ఈసారి మాత్రం జోకే వేశారని నా అనుమానం. అమెరికా స్కూళ్లలో అక్టోబర్ 23న మోల్ డే అని చేస్తారు, ఒక మోల్‌లో ఉండే లెక్క, అంటే అవొగాడ్రో సంఖ్య, 6.02 ఇంటూ పది టు ది పవర్ 23 కదా, పదో నెల 23, ఉదయం 6:02కి మొదలు. పిల్లలు కొన్నిచోట్ల గ్వాకమోలె చేసి తీసుకెళ్తారు, మాస్టార్లకి ఈ జోకు మహా ఇష్టం.

కానీ అవొగాడ్రో సగం మాత్రం కొట్టిపారేయడానికి వీల్లేదు. వినండి. స్పానిష్ వాళ్ల నోట్లో ఆవకత్ల్ అగ్వకాతె అయిందన్నానా, కొందరి నోట్లో ఇంకా జారి అవొకాడో అయింది. ఎందుకంటే ఆ రోజుల్లో స్పానిష్‌లో అవొకాడో అన్న మాట అప్పటికే ఉంది, దాని అర్థం వకీలు. తెలియని మాట చెవిన పడితే తెలిసిన మాటలోకి దాన్ని తోసెయ్యడం జనానికి అలవాటు, హాస్పిటల్ మన దగ్గర ఆసుపత్రి అయి ఏదో పత్రి పేరులా కూర్చుంది చూడండి, అలాగ. ఫ్రెంచిలో ఇప్పటికీ ప్లీడరు గారికీ ఈ పండుకీ ఒకటే మాట, అవొకా. ఇంగ్లీషు వాళ్ల సంగతికొస్తే, 1697లో విలియం డాంపియర్ అనే నావికుడు తన ప్రయాణాల పుస్తకంలో 'అవొగాటో పియర్' అని రాశాడు. తర్వాత కొందరు దాన్ని అలిగేటర్ పియర్ కూడా చేసేశారు, అంటే వకీలు కాస్తా మొసలి అయ్యాడు, కొందరు క్లయింట్లకి ఇందులో ఆశ్చర్యం కనిపించకపోవచ్చు.

ఇటు ఆ సంఖ్యకి ఎవరి పేరు పెట్టారో ఆ శాస్త్రవేత్త, అమెదేయో అవొగాడ్రో. 1776లో ఇటలీలో టూరిన్‌లో పుట్టాడు. ఆ ఇంటిపేరు ఎక్కడిదంటే, చర్చి తరఫున వ్యవహారాలు చూసే వకీలుకి లాటిన్‌లో 'అద్వొకాతుస్' అంటారు, దాంట్లోంచి వచ్చింది. స్పానిష్ అవొకాడో కూడా ఆ లాటిన్ మాటలోంచే. అంటే పండు పేరు మీద పొరపాటున పడిన నల్లకోటూ, మీ వారి అవొగాడ్రో ఇంటిపేరూ ఒకే కొట్లో కుట్టించినవే! పచ్చడిలో కెమిస్ట్రీ లేదు కానీ పండు పేరుకి అవొగాడ్రోతో అడ్డదారి చుట్టరికం ఉంది. మీ వారికి సగం మార్కులు. ఆయనకి ఈ సంగతి చెప్పేటప్పుడు కొంచెం ఆలోచించి చెప్పండి, ఇంకో నలభై ఏళ్లు ఇదే వినాల్సి వస్తుంది.

పచ్చడి అన్న మాట మీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం పుస్తకంలో కాదు. పదేళ్ల కిందట నేను చికాగోలో పనిచేసేటప్పుడు మిచోవాకాన్ నుంచి వచ్చిన కొలీగ్ ఒకతను ఉండేవాడు. అవకాడోలకి ఆ రాష్ట్రం, మామిడికి మన నూజివీడు లాంటిది. వాళ్లమ్మ ఊరి నుంచి వస్తూ సూట్‌కేసులో ఒక రాతి రోలు పెట్టుకొచ్చింది. మూడు పొట్టి కాళ్లు, నల్లగా, ఒళ్లంతా చిల్లులున్న లావా రాయి, మొత్తం ఓ ఎనిమిది కిలోలు ఉంటుంది. నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆవిడ వంటింట్లో నేల మీద పేపరు పరిచి కూర్చుని, ఆ రోట్లో గుప్పెడు బియ్యం వేసి గరగరా నూరుతోంది. బియ్యం బూడిద రంగు పిండి అయింది. పారబోసింది. మళ్లీ గుప్పెడు బియ్యం. మళ్లీ బూడిద రంగు. మూడోసారికి కాస్త తెల్లబడింది, వేలితో తీసి నాలుక మీద వేసుకుని, ఇసక తగిలిందేమో, తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. ఏం చేస్తోందో మాత్రం నాకు ఒక్క ముక్క ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమైంది, ఎందుకంటే వరంగల్‌లో మా అమ్మ కొత్త రోలు కొన్నప్పుడు నూకలేసి రుబ్బి రుబ్బి పారబోసింది నేను దగ్గరుండి చూశాను.

ఆ రోలుని మోల్కహేతె అంటారు. పాత మాట మోల్కషిత్ల్. మోల్లి అంటే తెలిసిందే, కషిత్ల్ అంటే గిన్నె. పచ్చడి గిన్నె. మనం పచ్చడి బండ అన్నట్టే. మొక్కజొన్న నూరుకునే పెద్ద రాయి వేరే ఉంటుంది, సన్నికల్లులా పరుచుకుని, దాన్ని మెతాతె అంటారు. దాని మీద జరిపే పొత్రానికి పాత పేరు మెత్లపిల్లి, రాతి పిల్ల అని అర్థం, నావాట్ల్‌లో పిల్లి అంటే బిడ్డ. (ఇదీ ఆవకాయ లాంటి కాకతాళీయమే, మళ్లీ ఉత్సాహపడకండి. తమిళంలో మాత్రం పొత్రాన్ని కుళవి అంటారు, పసిపాపకీ అదే మాట. పెద్ద రాయి ఒళ్లో చిన్న రాయి కనిపిస్తే ఎక్కడివాళ్లకైనా ఒకటే తోస్తుందేమో.)

రోలు నాలుగుసార్లు కడిగాక ఆవిడ పచ్చిమిరపకాయ, ఉప్పు, చిన్న ఉల్లిముక్క, కొత్తిమీర వేసి మెత్తగా నూరింది. అవకాడోలు చివర్న వేసి నూరలేదు, ఊరికే అదిమి వదిలేసింది, పలుకు పలుకుగా. పాత రోజుల్లో ఉల్లి, కొత్తిమీర, నిమ్మ ఉండేవి కావు, అవి స్పానిష్ వాళ్ల ఓడల్లో అటు వెళ్లాయి. మిరపకాయ, టమాటా ఓడలెక్కి ఇటు వచ్చాయి. అప్పటి ఆవకమోల్లి అంటే అవకాడో, టమాటా, మిరపకాయ, ఉప్పు, అంతే. మా వరంగల్ వైపు ఇలా కచ్చాపచ్చాగా దంచిన దాన్ని తొక్కు అంటాం. మీరు పచ్చడి అనండి, నేను అవకాడో తొక్కు అంటాను, దాని గురించి మనం మనం తర్వాత కొట్లాడుకుందాం.

ఒక్క జాగ్రత్త చెప్పాలి, ముఖ్యంగా మీ శనివారాల కోసం. మోలె అంటే పచ్చడి అని ఇంత చెప్పాను కదా అని హోటల్లో మెనూలో ఉత్త 'మోలె' కనిపించగానే ఆర్డరిచ్చేయకండి. ఇప్పుడు మెక్సికోలో ఉత్త మోలె అంటే చిక్కగా ఉడికించిన గ్రేవీ. ప్వేబ్లా ఊరి మోలె పొబ్లానోలో అయితే ఎండుమిరపకాయలు మూడు నాలుగు రకాలు, నువ్వులు, బాదం, దాల్చినచెక్క, లవంగం, కాస్త చాక్లెట్ కూడా పడుతుంది, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అవుతుంది. ప్వేబ్లాలో ఒక కాన్వెంటులో సన్యాసినులు దాన్ని కనిపెట్టారని కథ చెప్తారు, స్పానిష్‌లో నూరడాన్ని మొలేర్ అంటారు కాబట్టి మోలె అందులోంచే వచ్చిందని కూడా చాలామంది మెక్సికో వాళ్లే నమ్ముతారు. కథ సంగతి ఎలా ఉన్నా మాట మాత్రం కాన్వెంటు కన్నా ముందు నుంచీ ఉంది, సాహగున్ జాబితాలో చూశాం కదా. మీకు కావాల్సిన సంగతేంటంటే, ఆ గ్రేవీ చాలాచోట్ల కోడి ఉడికించిన నీళ్లతో చేస్తారు, దాని పక్కనిచ్చే వేయించిన బీన్స్ ముద్దలో పందికొవ్వు పడుతుంది. అడిగి తినండి. గ్వాకమోలెలో సాధారణంగా ఆ భయం లేదు. అల్లుడు గారు భయపెట్టాల్సిన చోట వదిలేసి అక్కర్లేని చోట భయపెట్టారు.

ఇక మనవరాలు. దాన్ని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి, తొమ్మిదేళ్ల పిల్ల పారిపోతుంది. రేపు బజారుకి తీసుకెళ్లినప్పుడు టమాటా చూపించి అది ఏ భాష మాటో చెప్పమనండి. ఇంగ్లీషు అంటుంది. నావాట్ల్ అని చెప్పండి. మీరు ఇండియన్ స్టోర్‌కి వెళ్తే సపోటా దొరుకుతుంది, దాని పాత పేరు త్సపొత్ల్, స్పానిష్‌లో సపోతె, మన దగ్గరికొచ్చేసరికి సపోటా. రాజమండ్రిలో తోపుడుబండి మీద సపోటాలు బేరం చేసేటప్పుడు మీరు ఆజ్టెక్ మాటతో బేరం చేస్తున్నారన్నమాట. వాళ్లమ్మ పొద్దున్నే నానబెట్టుకుని తాగే చియా గింజలుంటాయి కదా, ఆ చియా కూడా అక్కడిదే. ఇక వేరుశనగ. ఆ కాయ అమెరికా ఖండం నుంచి వచ్చినప్పుడు మనవాళ్లు తెలిసిన శనగకి వేరు తగిలించి వేరుశనగ అన్నారు. నావాట్ల్ వాళ్లకీ అది దక్షిణం నుంచి వచ్చిన కొత్త కాయే, వాళ్లకి తెలిసిన గింజ కకావో (చాక్లెట్ చేసేది దాంతోనే), ఇది నేలలో కాస్తుంది కాబట్టి 'నేల కకావో' అన్నారు. ఇంత దూరంలో ఉండి రెండు ఊళ్లవాళ్లు ఒకే కాయని చూసి ఒకేలా ఆలోచించారంటే నాకు ఆవకాయ, ఆవకమోల్లి కన్నా ఇదే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. ఇదంతా అయ్యాక కూడా పిల్ల నవ్విందంటే నవ్వనివ్వండి, అమ్మమ్మ మాటలకి నవ్వడం దాని హక్కు.

పోపు సంగతి మర్చిపోలేదు. నిక్షేపంగా పెట్టండి. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, రెండు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు. కానీ పోపు పూర్తిగా చల్లారాక కలపండి, వేడి తగిలితే అవకాడోకి చేదొస్తుంది. నిమ్మరసం ముందే పిండేయండి, వంకాయ ముక్క కోసి వదిలేస్తే నల్లబడినట్టే ఇదీ గాలి తగిలి నల్లబడుతుంది. అవకాడో టెంక మధ్యలో పెడితే నల్లబడదని ఎవరైనా చెప్తారు, టెంక కింద ఉన్నంత మేర నల్లబడదు, మిగతాది మామూలే. మిగిలితే ప్లాస్టిక్ కవరు గిన్నెకి కాకుండా పచ్చడికే అంటేలా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. వేడన్నంలో కలుపుకున్నప్పుడు నెయ్యి అక్కర్లేదు, అందులో ఉన్నది చాలు.